చలికాలంలో సూపర్ నేపియర్ ఎందుకు ఎదగదు? పీకేయాలా, యూరియా వేయాలా?

ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వైపు నుంచి ఒక పాడి రైతు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. రెండెకరాల్లో సూపర్ నేపియర్ అనే పశుగ్రాసం, కొట్టంలో ఎనిమిది గేదెలు. దీపావళి దాకా 45 రోజులకొక కోత ఇచ్చిన గడ్డి ఆ తర్వాత రెండు నెలలైనా మోకాలెత్తు దాటలేదు. ఆకుల కొనలు తెల్లగా ఎండాయి, అంచులు ఎర్రబారాయి, కొన్ని దుబ్బులు కంకి కూడా తీశాయి. ఎరువుల దుకాణంలో యూరియా ఎక్కువ వేయమన్నారు. తెలిసినవాళ్లు ఈ రకం మన నేలకు పడదని, పీకేసి వేరేది పెట్టమని అంటున్నారు. గడ్డి చచ్చిపోయిందా, ఈలోగా గేదెలకు ఏం పెట్టాలి అని అడిగారు.

ముందు సూటిగా సమాధానం. గడ్డి చావలేదు, ఎరువు చాలక ఆగిపోనూ లేదు; చలికి ఎదుగుదల ఆపుకుంది. ఇప్పుడు యూరియా వేయకండి, పీకకండి, నేలబారుకు కోయకండి. ఫిబ్రవరి రెండో సగంలో రాత్రి చలి తగ్గగానే అవే దుబ్బుల్లోంచి పిలకలు వస్తాయి. అప్పటిదాకా చొప్ప, వరిగడ్డి, పప్పుజాతి పొట్టులతో నెట్టుకురావాలి. డిసెంబరు, జనవరి మేతకు ఏర్పాటు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే జరగాలి కాబట్టి ఈ ఏడాది గడ్డి చేత ఎక్కువ చేయించగలిగేది లేదు. వచ్చే ఏడాదికి చేయవలసింది మాత్రం చాలా ఉంది. పశుగ్రాసాల సాగు మీద ఉద్యోగరీత్యా రైతులతో చాలాకాలం తిరిగి, ఇప్పుడు సొంత పాడికి ఇదే గడ్డి పెంచుకుంటున్నవాడిగా కారణాలను కాస్త వివరంగా చెబుతాను. కారణం తెలియకపోతే వచ్చే డిసెంబరులోనూ ఎవరో ఒకరు యూరియా బస్తా మీ చేతిలో పెడతారు.

నేపియర్, గినీ, పారా, రోడ్స్, అంజన్ గడ్డి, మన గరిక, వీటితోపాటు జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు అన్నీ వేడి ప్రాంతపు మొక్కలు. 30 నుంచి 35 డిగ్రీల మధ్య వీటి ఎదుగుదల జోరుగా ఉంటుంది. రాత్రులు 15 డిగ్రీల కంటే చల్లబడిన వారాల్లో ఆ జోరు స్పష్టంగా తగ్గుతుంది. 10 డిగ్రీల దరిదాపుల్లో దాదాపు నిలిచిపోతుంది. ఆదిలాబాద్, కుమురం భీం జిల్లాల్లో డిసెంబరు, జనవరి నెలల్లో ఒక అంకెలోకి దిగే రాత్రులు మామూలే కనుక, తెలంగాణ మొత్తంలో ఈ గడ్డికి కష్టకాలం ముందుగా వచ్చేది, ఎక్కువ రోజులు ఉండేది మీ దగ్గరే. ఖమ్మంలోనో నల్లగొండలోనో ఇదే రకం వేసినవారు చలికాలంలో కోత పదిహేను రోజులు ఆలస్యమైందని మాత్రమే చెబుతారు. వారి అనుభవాన్ని మీ పొలానికి కొలమానంగా తీసుకోవద్దు.

"పగలు 28 డిగ్రీల ఎండ కాస్తుంటే చలి ఎక్కడిది?" అని నన్ను చాలామంది అడుగుతారు. దెబ్బ రాత్రి పడుతుంది. ఈ జాతి మొక్కలు పగలు ఆకులో తయారుచేసుకున్న పిండిపదార్థాన్ని రాత్రిపూట చక్కెరగా మార్చి వేళ్లకు, కొత్త పిలకలకు పంపుతాయి. రాత్రి బాగా చల్లబడితే ఆ రవాణా ఆగి, పిండిపదార్థం ఆకులోనే పేరుకుపోతుంది. మర్నాడు ఎండ వచ్చినా, నిన్నటి సరుకు గోదాములోంచి కదలలేదు కాబట్టి ఆకు కొత్తగా తయారుచేసేది తగ్గిపోతుంది. పంగోలా గడ్డి మీద 1970లో అమెరికాలోని ఫ్లోరిడాలో చేసిన పరిశోధనలో 10 డిగ్రీల రాత్రుల తర్వాత సరిగ్గా ఇదే బయటపడింది. దీనికి తోడు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పట్టుకునే క్రమంలో ఈ మొక్కలకు అవసరమైన ఒక ఎంజైము 12 డిగ్రీల లోపు చల్లదనంలో బలహీనపడుతుంది. తెల్లవారుజామున ఆకు అలా మొద్దుబారి ఉండగా పొద్దున్నే నిర్మలమైన ఆకాశం నుంచి ఎండ నేరుగా పడితే, ఆ వెలుతురును వాడుకోలేక ఆకుపచ్చదనమే దెబ్బతింటుంది. మీరు చూస్తున్న తెల్లబారిన ఆకు కొనలు దాని ఫలితమే. అంచుల ఎరుపు ఆకులో చక్కెరలు నిలిచిపోవడం వల్ల, చల్లటి నేలలోంచి వేళ్లు భాస్వరాన్ని సరిగా తీసుకోలేకపోవడం వల్ల వస్తుంది. నేలలో భాస్వరం లేదని దానర్థం కాదు.

రెండో కారణం పగటి నిడివి. డిసెంబరులో మీ ప్రాంతంలో పగలు 11 గంటలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. నేపియర్ పొట్టి పగళ్లలో పూతకు వచ్చే మొక్క. పూత మొదలైన కాడలో కొత్త ఆకులు పుట్టవు, కాడ గట్టిపడుతుంది, గేదె ఆకు తిని కాడ వదిలేస్తుంది. కాబట్టి కంకి చూసి గడ్డి ముదిరి పాడైపోయిందని కంగారుపడనవసరం లేదు, విత్తనం తప్పని అమ్మినవారితో గొడవపడనవసరమూ లేదు. సూపర్ నేపియర్ థాయ్‌లాండ్‌లోని పాక్‌చాంగ్ ప్రాంతం నుంచి వచ్చిన సంకర గడ్డి. నేపియర్‌కు, సజ్జకు పుట్టింది. సజ్జను డిసెంబరులో విత్తితే ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ పోలిక దీనికి కొంత వచ్చింది. ఎకరాకు ఇన్ని వందల టన్నులు అని కరపత్రాల్లో రాసే లెక్కలు ఏడాది పొడవునా వేడి, నీరు ఉన్న పరిస్థితికి వేసినవి. మీ జిల్లాలో నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకు ఆ లెక్కలోంచి దాదాపు పూర్తిగా కొట్టివేసి చూసుకోవాలి.

ఇంకొక విషయం చాలామంది గమనించరు. వాతావరణ వార్తల్లో చెప్పే కనిష్ఠ ఉష్ణోగ్రతను నేలకు నాలుగు అడుగుల పైన, నీడ పెట్టెలో కొలుస్తారు. గాలి లేని, మబ్బు లేని రాత్రి గడ్డి ఆకు దానికంటే 3 నుంచి 5 డిగ్రీలు ఎక్కువ చల్లబడుతుంది. ఊళ్లో 6 డిగ్రీలు అన్నారంటే మీ గడ్డి ఆకు 2 డిగ్రీల దగ్గర ఉందన్నమాట. చల్లటి గాలి బరువైనది కాబట్టి అది పల్లానికి జారి వాగు ఒడ్డున, గట్ల మధ్య గుంటల్లో నిలుస్తుంది. మబ్బు పట్టిన రాత్రి మీరు ఎంత వణికినా గడ్డికి పెద్ద నష్టం ఉండదు. చుక్కలు మెరిసే నిశ్శబ్దపు రాత్రే దానికి శత్రువు.

ఇది చలి దెబ్బా, ఇంకేదైనా తెగులా అని మీరే తేల్చుకోవచ్చు. పొలం చుట్టూ ఒకసారి నడవండి. చలి దెబ్బకు ఒక పద్ధతి ఉంటుంది. పల్లంలో ఎక్కువ, మెరకలో తక్కువ. బాట పక్కన బహిరంగంగా ఎక్కువ, చెట్టు కొమ్మల కింద, కొట్టం గోడ పక్కన తక్కువ. నా పొలంలో ఉత్తరం గట్టున ఉన్న అవిశ చెట్ల వెంబడి రెండు సాళ్ల నేపియర్ జనవరిలోనూ పచ్చగానే ఉంటుంది, దానికి పది అడుగుల దూరంలో ఉన్నది తుప్పు రంగుకు తిరుగుతుంది. నేల, నీరు, ఎరువు రెండింటికీ ఒకటే. నత్రజని లోపమైతే కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి, చలి దెబ్బ పై ఆకుల కొనల్లో ముందు కనిపిస్తుంది. ఆకుమచ్చ తెగులైతే మచ్చలకు గోధుమ రంగు అంచు ఉండి చెల్లాచెదురుగా ఉంటాయి, వాటికి మెరక పల్లం తేడా ఉండదు.

అయినా అనుమానం తీరకపోతే, బాగా దెబ్బతిన్నట్లు కనిపించే ఒక దుబ్బు దగ్గర కూర్చుని, ఒక కాడను మొదలంటా పట్టుకుని, నేలకు రెండంగుళాల పైన కత్తితో నిలువుగా చీల్చి చూడండి. లోపల తెల్లగా, గట్టిగా, కోసిన చెరకులా తడిగా ఉంటే ప్రాణం ఉన్నట్లే. కణుపు దగ్గర మొగ్గను గోటితో గీకితే లేత ఆకుపచ్చ కనబడుతుంది. లోపల గోధుమ రంగు నీరు కారి, పులిసిన వాసన వస్తే ఆ కాడ పోయింది. అప్పుడూ దుబ్బు పోయినట్లు కాదు. పక్కన మట్టిని నాలుగు వేళ్ల లోతు తీసి కింది మొగ్గలను చూడండి. మన నేల అంత లోతున గడ్డకట్టదు కాబట్టి, నీరు నిలిచి వేరు కుళ్లితే తప్ప తెలంగాణలో చలి ఒక్కదాని వల్ల నేపియర్ దుబ్బులు చావడం నేను చూడలేదు. విశాఖ మన్యంలో లంబసింగి, చింతపల్లి చుట్టుపక్కల తెల్లవారుజామున గడ్డి మీద మంచు తెల్లగా పేరుకునే చోట్ల కూడా పైనున్నదంతా కాలినట్లు నల్లబడినా, మార్చికి మొదళ్ల నుంచి మళ్లీ చిగురిస్తుంది.

ఇక యూరియా సంగతి. ఎదుగుదల ఆగిన మొక్కకు నత్రజని ఇస్తే దాన్ని మాంసకృత్తులుగా మార్చుకునే శక్తి ఉండదు. తీసుకున్న కాస్తా కాడ అడుగుభాగంలో నైట్రేటు రూపంలోనే నిలిచిపోతుంది. మబ్బు రోజులు, చలి, అధిక యూరియా ఒకేసారి కలిస్తే ఆ మేత పశువుకు విషమయ్యే అవకాశం ఉంది. నైట్రేటు ఎక్కువైన గేదె రొప్పుతుంది, తడబడుతుంది, రక్తం ముదురు గోధుమ రంగుకు మారుతుంది. ఎండబెట్టినా గడ్డిలోని నైట్రేటు పోదు. ఇప్పటికే యూరియా వేసి ఉంటే ఆ మడిని కనీసం మూడు వారాలు కోయకుండా వదిలి, తర్వాత జానెడు మొదలు విడిచి పైభాగాన్ని మాత్రమే కోసి, ఎండుమేతతో సగానికి సగం కలిపి, ఆకలి మీద లేని పశువులకు కొద్దికొద్దిగా అలవాటు చేయండి.

కోత ఎత్తు చలికాలంలో మారాలి. వర్షాకాలంలో బెత్తెడు మొదలు విడిచి కోసినా చెల్లుతుంది. నవంబరు తర్వాత జానెడు విడవాలి. వసంతంలో మొదటి పిలకలకు కావలసిన బలం ఆ మొదళ్లలోనే దాచి ఉంటుంది; పైన మిగిలిన ఎండాకు కింది మొగ్గలకు కప్పుగానూ ఉపయోగపడుతుంది. ఎండాకు చూడటానికి బాగోలేదని జనవరిలో శుభ్రంగా కోసి, నిప్పు కూడా పెట్టే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది. అలా చేసిన మడి మిగతా మడికంటే ఆలస్యంగా, పలచగా లేస్తుంది.

నీటి విషయంలో చాలామంది రెండు తప్పుల్లో ఏదో ఒకటి చేస్తారు. ఎదగడం లేదు కదా అని పూర్తిగా ఆపేస్తారు, లేదా ఎదిగించాలని వారానికి రెండుసార్లు పారిస్తారు. నల్లరేగడిలో 15 నుంచి 20 రోజులకొక తేలికపాటి తడి చాలు. పొడినేల కంటే తడినేల పగటి వేడిని ఎక్కువగా పట్టి ఉంచుకుంటుంది కాబట్టి, గట్టి చలి వస్తుందని తెలిసిన రోజు సాయంత్రం ఆ తడి ఇస్తే కొంత రక్షణ దొరుకుతుంది. చెరువు నీటికంటే బోరు నీరు ఇందుకు మేలు. చలికాలం పొద్దున బోరు వేస్తే పైపు నుంచి ఆవిరి లేవడం మీరు చూసే ఉంటారు. భూగర్భజలం ఏడాదంతా దాదాపు ఒకే వెచ్చదనంతో ఉంటుంది. నీరు నిలవనివ్వకండి. చల్లటి నేలలో నిలిచిన నీరే వేరుకుళ్లుకు దారి.

ఈ సందర్భంలో ఒక హెచ్చరిక తప్పనిసరి. నేపియర్ ఆగిపోయిన నెలల్లో చాలామంది పచ్చజొన్న వైపు చూస్తారు. నేపియర్‌తో నాము (లేత జొన్న తిన్న పశువుకు తగిలే విషం) భయం లేదు, జొన్నతో ఉంది. కోసిన మొదళ్లలోంచి లేచిన లేత పిలకలు, నీళ్లు లేక వాడినవి, మంచుకు కమిలినవి హైడ్రోసయనిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తాయి. ఒకసారి చలికాలంలో, కోసి వదిలేసిన జొన్న చేలో మోకాలెత్తు కూడా లేని పిలకలను మేసిన పశువులను చూడటానికి నన్ను పిలిచారు. నేను వెళ్లేసరికే ఒకటి పడిపోయి ఉంది, కంటి పొరలు చింతనిప్పుల్లా ఎర్రగా ఉన్నాయి. వైద్యుడు సోడియం థయోసల్ఫేటు రక్తనాళంలోకి ఎక్కించగలిగిన పశువులే బతికాయి. ఈ విషం నిమిషాల్లో పనిచేస్తుంది కాబట్టి ఇంటి వైద్యంతో కాలయాపన చేయవద్దు. పచ్చజొన్నను 50 శాతం పూత దశ తర్వాతే, కోతకు ముందు ఒక తడి ఇచ్చి మేపండి. మంచుకు కమిలినదైతే కోసి బాగా ఎండబెట్టాకే వేయండి. ఎండబెడితే ఈ విషం చాలావరకు ఎగిరిపోతుంది. నైట్రేటుకూ దీనికీ ఉన్న తేడా ఇక్కడే.

ఇప్పుడు మీ ఎనిమిది గేదెల సంగతి. గేదెలు ఎక్కువగా వానకాలం చివరి నుంచి చలికాలం లోపు ఈనుతాయి కనుక పాలు ఎక్కువగా ఉండే నెలలు, గడ్డి ఆగిపోయే నెలలు ఒకటే అవుతున్నాయి. మీ జిల్లాలో మేలైన ఎండుమేతకు కొరత లేదు. జొన్నచొప్ప ఉంటే చాఫ్ కట్టర్‌లో అంగుళం ముక్కలుగా కోసి పెట్టండి. సోయా పొట్టు, కంది కొట్టే కాలం కాబట్టి కంది పొట్టు దొరుకుతాయి. రోజుకు గేదెకు రెండు మూడు కిలోలు కలిపితే వరిగడ్డిలో లేని మాంసకృత్తులు కొంతవరకు అందుతాయి. మేతలో మాంసకృత్తులు 7 శాతం కంటే తగ్గితే కడుపులోని సూక్ష్మజీవులకు పోషణ చాలదు; పశువు తినగలిగే మోతాదే పడిపోతుంది. వరిగడ్డిలో ఉండేది అందులో దాదాపు సగమే.

వరిగడ్డే దిక్కయితే దాన్ని యూరియాతో మాగబెట్టుకోవచ్చు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో పూర్తిగా కరిగించి, పొరలు పొరలుగా చల్లుతూ తొక్కి, గాలి చొరకుండా కప్పి 21 రోజులు ఉంచాలి. తీశాక ఒక పూట ఆరబెట్టి, ఘాటు వాసన తగ్గాక పెట్టాలి. ఆరు నెలల లోపు దూడలకు పెట్టకూడదు. యూరియా నీళ్లు, బస్తాలు పశువులకు అందే చోట ఉంచకూడదు. పొలంలో చల్లి వృథా చేయబోయిన యూరియాకు ఇంతకంటే మంచి ఉపయోగం ఈ నెలలో లేదు. నేపియర్‌లో ఉన్న కాస్త పచ్చదనాన్ని రోజుకు గేదెకు మూడు నాలుగు కిలోల చొప్పున జానెడు ఎత్తున కోసి వాడుకోండి, విటమిన్ ఎ కోసం అది అవసరం. ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు మానవద్దు. ఉదయం మంచుతడి ఆరాకే మేపుకు విడవండి. తడి గడ్డి కొనలమీదికి నట్టల (కడుపులో పెరిగే పురుగుల) పిల్లపురుగులు పాకి ఉంటాయి.

వచ్చే ఏడాదికి చేయవలసిన మొదటి పని పచ్చిగడ్డిని గాలి చొరకుండా గుంతలో మాగబెట్టే పాతర గడ్డి, అంటే సైలేజ్. మీకున్న రెండెకరాలు సెప్టెంబరు, అక్టోబరుల్లో ఎనిమిది గేదెలు తినగలిగిన దానికంటే ఎక్కువే ఇస్తాయి, మిగిలింది ముదిరి వృథా అవుతుంది. లెక్క ఇలా వేసుకోండి. డిసెంబరు మొదటి వారం నుంచి ఫిబ్రవరి మూడో వారం వరకు 75 రోజులు, గేదెకు రోజుకు 12 కిలోల సైలేజ్ అనుకుంటే 7,200 కిలోలు. ఇది 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు, 6 అడుగుల లోతు ఉన్న ఒక్క గుంతలో పడుతుంది. చెడిపోయేది కలుపుకుని 8 నుంచి 9 టన్నుల పచ్చిగడ్డి కోయాలి.

50 రోజుల వయసున్న గడ్డిని అక్టోబరు మొదటి వారాల్లో, వాన లేని రోజుల్లో కోసి ఒక పూట వాడబెట్టండి. నేపియర్‌తో సైలేజ్ చెడిపోవడానికి ప్రధాన కారణం నీరు ఎక్కువ, చక్కెర తక్కువ ఉండటం. కోసిన ముక్కలను గుప్పెట్లో గట్టిగా పిండి వదలండి. వేళ్ల సందుల్లోంచి రసం కారితే ఇంకా ఆరాలి. ముద్ద వెంటనే విడిపోతే ఎక్కువ ఆరింది. ముద్ద నెమ్మదిగా విచ్చుకుని అరచేతిలో చెమ్మ మాత్రమే మిగిలితే సరిగ్గా ఉంది. నూరు కిలోలకు కిలో నుంచి రెండు కిలోల బెల్లం నీళ్లలో కలిపి చల్లుతూ, అరడుగు పొరకొకసారి ట్రాక్టరుతోనో మనుషులతోనో తొక్కించి, నేలకు రెండడుగుల పైకి గుట్టగా పేర్చి, మందపాటి పాలిథీన్ కప్పి, అంచులన్నీ మట్టితో మూసేయాలి. 45 రోజుల తర్వాత తెరవవచ్చు. పుల్లటి మంచి వాసన, లేత పసుపు ఆకుపచ్చ రంగు ఉంటే బాగా కుదిరినట్లు. నల్లబడినా బూజు పట్టినా ఆ భాగాన్ని పారేయాలి, చూడి గేదెలకు అసలు పెట్టకూడదు.

రెండో పని చలిని ఇష్టపడే మేతకు అరెకరం కేటాయించడం. మీ నేలలో నీరు నిలవకపోతే లూసర్న్ అనే పప్పుజాతి పచ్చిమేత సరైనది. అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు మొదటి పక్షం లోపు, ఎకరాకు 8 నుంచి 10 కిలోల విత్తనం, సాళ్ల మధ్య అడుగు దూరం. మొదటి కోతకు 65 నుంచి 75 రోజులు, ఆ తర్వాత 25 నుంచి 30 రోజులకొకటి. అరెకరం నుంచి ఒక్కో కోతకు టన్నున్నర వరకు ఆశించవచ్చు. గేదెకు రోజుకు ఆరు కిలోలు వస్తుంది. విత్తనంలో బంగారు తీగ (పైరును చుట్టుకుని రసం పీల్చే కలుపు) విత్తనాలు లేకుండా చూసుకోండి. పచ్చి లూసర్న్‌ను ఖాళీ కడుపున పెడితే కడుపుబ్బరం వస్తుంది, ముందు ఎండుమేత వేశాక పెట్టాలి. నీరు నిలిచే నేల అయితే లూసర్న్ బదులు ఓట్స్ వేయండి. కెంట్ రకం విత్తనం ఎకరాకు 40 కిలోలు, విత్తే కాలం అదే. విత్తిన రెండు నెలలకు మొదటి కోత అందుతుంది.

పంజాబులో నేపియర్ డిసెంబరు, జనవరిల్లో పూర్తిగా నిద్రపోతుంది. అక్కడి రైతులు దాన్ని సమస్యగా చూడరు, ఆ నెలలు బర్సీము అనే చలికాలపు పచ్చిమేతకూ ఓట్స్‌కూ వదిలేస్తారు. ఝాన్సీలోని భారత పచ్చిక బయళ్లు, పశుగ్రాస పరిశోధన సంస్థ వారు నేపియర్ సాళ్లను దూరంగా పెట్టి, మధ్యలో చలికాలం బర్సీము, వేసవిలో అలసంద వేసే పద్ధతిని ఎప్పటినుంచో సిఫారసు చేస్తున్నారు. మన దగ్గర బర్సీముకు చలి చాలినన్ని రోజులు ఉండదు కాబట్టి ఆ స్థానంలో లూసర్న్ పెట్టుకోవచ్చు. కొత్తగా నాటే మడిలో అయితే నేపియర్‌ను జంటసాళ్లుగా పెట్టి, జంటల మధ్య ఐదారు అడుగులు వదలండి. ఇప్పుడున్న ఇరుకు సాళ్లలో ఇది కుదరదు.

రకం మార్చమన్న సలహా గురించి ఒక్క మాట. రాజేంద్రనగర్‌లో రూపొందిన ఎ.పి.బి.ఎన్.-1, కోయంబత్తూరు సి.ఓ.-4 రకాలు కూడా ఇదే జాతి, వాటికీ ఇదే చలి. గినీ గడ్డి నేపియర్ అంతే సున్నితం, పారా గడ్డి ఇంకా సున్నితం. రోడ్స్ గడ్డి కొంత ఓర్చుకుంటుంది గాని దిగుబడి తక్కువ. గరిక, అంజన్ గడ్డి ఎండి గోధుమ రంగుకు వచ్చినా చావవు; అవి మేకలకు, గొర్రెలకు పనికొచ్చే మాట నిజమే కాని ఎనిమిది పాడి గేదెలను మోయలేవు. మార్చడం వల్ల మీకు ఒరిగేది లేదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్లు అనేది గడ్డికి కూడా వర్తిస్తుంది. వరుసగా వారం రోజులు రాత్రి ఉష్ణోగ్రత 15 దాటి ఉంటే, అప్పుడు మీరు కొడవలి పట్టవచ్చు. ఎండిన కాడలన్నింటినీ ఈసారి బెత్తెడు ఎత్తుకు కోసేయండి. సాళ్ల మధ్య గుంటకో పవర్ వీడరో తిప్పి, ఎకరాకు నాలుగైదు టన్నుల మాగిన పశువుల ఎరువు వేసి, తడి ఇవ్వండి. పిలకలు బెత్తెడు లేచాక ఎకరాకు 25 నుంచి 30 కిలోల యూరియా వేయండి. ఇప్పుడు వేయవద్దన్నది అప్పుడు పూర్తిగా పనికొస్తుంది. మొదటి కోత ఏప్రిల్‌లో వస్తుంది. లేత నేపియర్‌లో ఆక్సలేట్లు (పశువు ఒంటికి కాల్షియం అందనీయని పదార్థాలు) ఎక్కువ కనుక తొందరపడి ముప్పై రోజులకే కోయవద్దు.

మార్చి నడిమికి కూడా చిగురించని దుబ్బులు కనిపిస్తే అవి పోయినట్లే, వాటి చోట కొత్తవి పెట్టండి. అందుకు బయట కొననవసరం లేదు. జనవరిలో కట్టలు కట్టి అమ్మే ముక్కలను అసలు తీసుకోవద్దు. చల్లటి మట్టిలో అవి వారాల తరబడి మొలకెత్తక కుళ్లిపోతాయి. నాకు తెలిసిన ఒక రైతు ఇలాగే ఎదగడం లేదని పాత గడ్డిని పీకేసి జనవరిలో ముక్కలు నాటితే సగం కుళ్లిపోయాయి, పీకకుండా ఉంచిన పక్కవాళ్ల గడ్డి అతని మిగిలిన ముక్కలు ఎదిగేలోపే కోతకు వచ్చింది. మీ పొలంలోనే బాగా లేచిన దుబ్బుల నుంచి మూడు నెలల వయసున్న, మొగ్గ ఉబ్బుగా కనిపించే కాడలను ఎంచుకుని, రెండేసి కణుపుల ముక్కలుగా కోసి, ఒక కణుపు మట్టిలో, ఒకటి పైన ఉండేలా ఏటవాలుగా గుచ్చి, అదే రోజు నీరు పెట్టండి.